తెట్టు పక్కకు తోసిన చేయి

కాలుష్య పరీక్షల ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు రాయపూర్ శంకర్ నగర్‌లో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "మేడం, రోజూ నీళ్ళు పట్టడం, పరీక్ష చేయడం, రిపోర్టు రాయడం. మీకు బోర్ కొట్టలేదా?"

బోరా! ముప్పై ఏళ్ళు చేశాను. జీపు ఎక్కిన ప్రతిసారీ పరీక్ష హాల్లోకి వెళ్ళే పిల్లలా నా గుండె దడదడలాడేది. ఒక సీసాడు నీళ్ళలో ఒక ఫ్యాక్టరీ గుట్టు ఉంటుంది. ఒక ఊరి కడుపుమంట ఉంటుంది. అది బయటపడే క్షణం ముందు తెలిసేది కాదు. అంతకన్నా మజా ఉన్న పని నాకు ఇంకొకటి కనబడలేదు. రెండేళ్ళ క్రితం రిటైరయ్యాను కానీ, ఇప్పటికీ తెలీబంధా చెరువు పక్కన నడుస్తుంటే నా కళ్ళు వాకింగ్ దారి మీద ఉండవు, నీళ్ళ మీదే ఉంటాయి. మా ఆయన విసుక్కుంటారు.

నా ప్రమోషన్ల గురించి రాయను. ఎవరికి కావాలి అవి? నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి రాస్తాను. ఆ తప్పు చేయడానికి కెమిస్ట్రీ చదవాలి, పైగా మా అమ్మ కడుపున పుట్టాలి. రెండూ ఉన్నదాన్ని నేనే.

పెద్దసారు, అప్పడాలు

మా నాన్న రైల్వేలో ఫిట్టరు. బొబ్బిలి నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను రైల్వే కాలనీలో పెరిగాను. ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు, వీధిలో హిందీ. ఎమ్మెస్సీ అయ్యాక ప్రభుత్వ లాబ్‌లో ఉద్యోగం దొరికింది. మా లాబ్ అధికారిని అందరం పెద్దసారు అనేవాళ్ళం. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ తమలపాకు నములుతూ ఉండేవారు. పని రాక్షసుడు.

నేను చేరిన ఏడెనిమిదేళ్ళకు ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా ఏర్పడింది, ఆ రోజుల సంగతిది. రాయపూర్ చుట్టూ ఇనుము ఫ్యాక్టరీలు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. ఒక ఊరివాళ్ళు నల్ల బూడిద పడుతోందని అర్జీ పెట్టారు. మేం మూడు సార్లు యంత్రం పెట్టి గాలి కొలిచాం. మూడు సార్లూ అంతా బాగుందనే వచ్చింది. నాలుగోసారి పెద్దసారు యంత్రం జీపులోనే ఉంచమన్నారు. ఊళ్ళోకి నడిచి, ఒక ఇంటి డాబా మీద ఎండబెట్టిన అప్పడం ఒకటి అడిగి తీసుకున్నారు. దాన్ని వేళ్ళతో రుద్ది నాకు చూపించారు. వేళ్ళు కాటుక పెట్టుకున్నట్టున్నాయి!

"ఈ అప్పడం ఎప్పుడు ఎండబెట్టావమ్మా?" అని ఆ ఇంటావిడను అడిగారు.

"నిన్న పొద్దున్నే," అందావిడ.

నిన్న మా యంత్రం అక్కడ లేదు. మేం వస్తున్నామని ఫ్యాక్టరీకి ముందే చీటీ వెళ్ళేది. చీటీ అందగానే వాళ్ళు బూడిద పట్టే మిషన్ ఆన్ చేసేవాళ్ళు. మేం వెళ్ళిపోగానే కరెంటు మిగుల్తుందని ఆపేసేవాళ్ళు. ఆ రోజు చెప్పకుండా గేటు దగ్గరికి వెళ్ళి పట్టుకున్నాం. తిరిగొస్తుంటే జీపులో నాకు ఈల వేయాలనిపించింది. ఆడపిల్లనని, పెద్దసారు పక్కనున్నారని ఊరుకున్నాను.

"దేఖో బేటీ," అన్నారాయన. "మిషన్ అబద్ధం చెప్పదు. నువ్వు అడిగినదానికే జవాబిస్తుంది. ఏం అడగాలో ఊరివాళ్ళను అడుగు."

తల ఊపాను. బాగా అర్థమైందనుకున్నాను. నాలుగేళ్ళ తర్వాత తెలిసింది, ఒక్క ముక్క కూడా ఒంటబట్టలేదని.

తవుడు నూనె ఊరు

ఊరి పేరు చెప్పను. రాయపూర్‌కు గంట దూరం. చుట్టూ బియ్యం మిల్లులు. మిల్లుల్లో మిగిలే తవుడంతా లారీల్లో ఆ ఊరికి వస్తుంది. అక్కడ తవుడు నుంచి నూనె తీసే ఫ్యాక్టరీ ఉండేది. నూనె శుద్ధి చేసేటప్పుడు కడిగిన నీళ్ళు బయటికి వస్తాయి. వాటిలో జిడ్డు, మైనం, సబ్బులాంటి మడ్డి ఉంటాయి. ఆ నీళ్ళ మీద తేలిన నూనెను ఆపడానికి ఒక తొట్టి కట్టారు. తొట్టి మీది నూనెను రోజూ ఒక మనిషి తోడెయ్యాలి. ఆ మనిషిని మానిపించారు. తొట్టి నిండి, జిడ్డు నీళ్ళు కాలువ పట్టుకుని ఊరి చెరువులోకి నడిచాయి.

ఛత్తీస్‌గఢీలో చెరువును తరియా అంటారు. ఈ తరియాలోనే ఊరంతా స్నానాలు చేస్తారు, బట్టలు ఉతుకుతారు, గేదెల్ని కడుగుతారు. ఆ ఊరి ఆడవాళ్ళ సంఘం ఆ చెరువును చేపల కోసం లీజుకు కూడా తీసుకుంది. సంఘం పెద్ద దుకాల్హిన్ బాయి. కరువు ఏడాది పుట్టిన పిల్లకు అక్కడ పెట్టే పేరది. అప్పటికి యాభై దాటి ఉంటుంది. పొడుగు మనిషి, గొంతు ఇంకా పొడుగు.

చేపపిల్లలు పైకి వచ్చి నోళ్ళు తెరిచి చచ్చాయి. ఉతికిన చీరలు జిడ్డోడాయి. పిల్లల ఒంటి మీద దురదలు. సంఘం ఆడవాళ్ళు ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చుని తవుడు లారీలను ఆపేశారు. లారీలు ఆగితే బస్తాలు దించే హమాలీలకు పని లేదు. ఆ హమాలీలూ ఆ ఊరివాళ్ళే. దుకాల్హిన్ బాయి సొంత మరిది కూడా వాళ్ళలో ఉన్నాడు. ఆ ఇంట్లో రెండు పొయ్యిలు పడ్డాయి. గేటు దగ్గర ఒకరి మీద ఒకరు రాళ్ళు వేసుకునేదాకా వచ్చింది. అప్పుడు నీళ్ళు పరీక్ష చేసి తేల్చమని మాకు హుకుం వచ్చింది.

నేనూ, లాబ్ అటెండర్ అప్పల్రాజు గారూ వెళ్ళాం. ఆయనా రైల్వే కాలనీ మనిషే, శ్రీకాకుళం వాళ్ళు. నాకన్నా పదేళ్ళు పెద్ద. సీసాలు మోయడం ఆయన పని, నోటికి తాళం లేకపోవడం ఆయన స్వభావం.

ఇక్కడి పల్లెల్లో ఒక ఆనవాయితీ ఉంది. బయటివాళ్ళు ఎవరొచ్చినా ముందు ఒక లోటాతో నీళ్ళు తెచ్చి కాళ్ళ ముందు పెడతారు. కాళ్ళు కడుక్కున్నాకే మాట. పోలీసు వచ్చినా పెడతారు, అప్పులవాడొచ్చినా పెడతారు. ఆ రోజు దుకాల్హిన్ బాయి గడపలో నిలబడి మమ్మల్ని చూసింది కానీ లోటా తేలేదు.

"సూసినారా మేడంగారూ," అన్నారు అప్పల్రాజు గారు నా చెవిలో. "కాల్లకి నీల్లు కూడా పెట్టనేదు. మన్ని పూరా దుష్మన్ల కిందే జమ కట్టీసినారు."

నాకూ అలాగే అనిపించింది. కొంచెం కోపం కూడా వచ్చింది. సరే, మా పని మేం చేసుకుపోదాం అనుకుని చెరువులో దిగాను. చుట్టూ ఊరంతా నిలబడింది. ఒక పక్క ఆడవాళ్ళు, ఇంకో పక్క హమాలీలు, మధ్యలో తెల్ల చొక్కాతో ఫ్యాక్టరీ మేనేజరు. మోకాలి లోతుకు వెళ్ళి ప్లాస్టిక్ క్యానును ఆ నీళ్ళతోనే మూడు సార్లు తొలిచాను. తర్వాత జానెడు లోతున ముంచి నింపాను. మూత పెట్టి, లక్క వేసి, సంతకాలు తీసుకున్నాను. నా చేతులు చకచకా కదులుతుంటే నాకే ముచ్చటేసింది. దుకాల్హిన్ బాయి మాత్రం నా మొహం చూడలేదు. నా చేతులే చూస్తూ నిలబడింది.

సీసాలో లేని చెరువు

ఫలితాలు వచ్చాయి. నూనె, జిడ్డు హద్దులోనే ఉన్నాయి. నేను రాశాను, పెద్దసారు సంతకం పెట్టారు, కాగితం వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా ఆ కాగితం నకలు ఫ్యాక్టరీ గేటు మీద అతికించారు. చెరువుకు ఏమీ కాలేదని ప్రభుత్వమే చెప్పిందన్నారు. దుకాల్హిన్ బాయి మీదా ఇంకో నలుగురు ఆడవాళ్ళ మీదా కేసు పెట్టారు. దారి ఆపారని, అబద్ధం ప్రచారం చేసి ఊళ్ళో గొడవ రేపారని. ఫిర్యాదుకు నా రిపోర్టే జత చేశారు. ఇదంతా నాకు తెలియదు. నేను ఇంకో ఊళ్ళో ఇంకో గొట్టం కింద సీసా పెట్టుకుని సంతోషంగా ఉన్నాను.

ఒక రోజు మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవబోతుంటే దుకాల్హిన్ బాయి లాబ్ గుమ్మంలో నిలబడింది. బస్సులో వచ్చింది. చేతిలో ఇత్తడి లోటా ఉంది, ఖాళీది. కూర్చోమంటే కూర్చోలేదు.

"తోర్ సీసీ మా హమర్ తరియా నఇ హే," అంది. నీ సీసాలో మా చెరువు లేదు అని.

నేను టీచరమ్మలా మొదలుపెట్టాను. ఈ పరీక్షకు పద్ధతులుంటాయి, కంటికి కనబడేదీ మిషన్ కొలిచేదీ ఒకటి కావు, అని హిందీలో ఏదేదో చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది. ఇక నుంచి ఆమె మాటలు తెలుగులోనే రాస్తాను.

"అవన్నీ నాకు తెలియవు మేడం. ఆ రోజు నీళ్ళు ఎట్లా ముంచావో ఒకసారి చూపించు."

లోటా నా చేతిలో పెట్టింది. సింకు పక్కన బకెట్లో నీళ్ళున్నాయి. ఇదేం పరీక్షరా బాబూ అనుకుంటూ వంగాను. ఎడమచేతి వెనక భాగంతో నీళ్ళ పైభాగాన్ని అలా పక్కకు తోసి, లోటా ముంచి తీశాను.

"అదిగో!" అంది ఆమె.

"ఏది?"

"నీ ఎడమచెయ్యి. ఆ రోజూ అట్లాగే తోశావు. మూడు సార్లు. నేను చూస్తూనే ఉన్నాను. మా అమ్మా నాకట్లాగే నేర్పింది, పైన తెట్టు ఉంటే తోసి కింది మంచినీళ్ళు ముంచమని. ఇంటికి బిందె నింపుకోవాలంటే అట్లాగే ముంచాలి. నువ్వు మా కష్టాన్ని ముంచడానికి వచ్చావు కదా మేడం, దాన్నే పక్కకు తోసేస్తే ఎట్లా?"

లోటాను సింకు గట్టు మీద పెట్టి నా ఎడమచేతిని తిప్పి చూసుకున్నాను.

రైల్వే కాలనీలో మా పెరట్లో సిమెంటు తొట్టి ఉండేది. పైన వేపచెట్టు. నీళ్ళ మీద ఎప్పుడూ ఆకులు, పూత, దుమ్ము. "పైది తోసి ముంచవే మొద్దూ!" అని మా అమ్మ ఎన్ని మొట్టికాయలు వేసి ఉంటుందో! చేతికి అంటుకున్న ఆ అలవాటు చదువుకన్నా పాతది. చదివిన చదువంతా ఒక్కసారి వరద వచ్చినట్టు గుర్తొచ్చింది. నూనె పైన తేలుతుంది, కాబట్టి పైపొరనే పట్టాలి. ప్లాస్టిక్‌కు నూనె అంటుకుంటుంది, కాబట్టి గాజు సీసా కావాలి. సీసాను ఆ నీళ్ళతో తొలవకూడదు. ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయి, నేను ఇతరులకు పాఠం కూడా చెప్పాను! మిగతా పరీక్షలన్నిటికీ క్యాను తొలిచి లోతున ముంచడమే సరైన పద్ధతి. అదే చేతివాటంతో ఒకే క్యాను నింపి, అదే నీళ్ళలో నూనె కూడా వెతికాను. వెతకడానికి ముందు నా చేత్తో నేనే దాన్ని తోసేశాను.

అప్పల్రాజు గారు గుమ్మం దగ్గరే నిలబడి అంతా విన్నారు.

"కేసు ఉంది మేడం," అంది దుకాల్హిన్ బాయి లోటా వెనక్కి తీసుకుంటూ. "మేం అబద్ధాలకోరులమని నీ కాగితం చెప్తోంది. నా మరిది పిల్లలు కూడా ఇప్పుడు అదే అంటున్నారు."

ఆ రోజు డబ్బాలోని అన్నం అలాగే ఇంటికి తీసుకెళ్ళాను.

ఒక్క వాక్యం

మర్నాడు పొద్దున్నే పెద్దసారు గదిలోకి వెళ్ళి అంతా చెప్పేశాను. ఆయన తమలపాకు నమలడం ఆపారు.

"మళ్ళీ శాంపిల్ తీద్దాం," అన్నారు. "కారణం ఏదో ఒకటి రాయి. సాంకేతిక కారణాల వల్ల అని రాయి. కొత్త రిపోర్టు వస్తుంది, చెరువు బాగుపడుతుంది. తప్పు చేశానని ఎవరైనా రాసిస్తారా? మన లాబ్ ఇచ్చిన ప్రతి కాగితాన్నీ రేపు వకీళ్ళు చింపి చేతిలో పెడతారు."

ఆయన చెప్పినదాంట్లో న్యాయం లేకపోలేదు. ఇది మీరు గుర్తుంచుకోండి. చెడ్డవాళ్ళు చెప్పే చెడ్డ సలహాను తోసేయడం సులువు. నాకు పని నేర్పిన మనిషి, నా మంచి కోరి, లాబ్ మంచి కోరి చెప్పిన సలహా అది. ఒక పూటంతా నేనూ అదే నయమనుకున్నాను.

కానీ లెక్క కుదరలేదు. సాంకేతిక కారణాలని రాస్తే పాత రిపోర్టు బతికే ఉంటుంది. ఇవాళ నీళ్ళు చెడ్డాయి, అప్పుడు బాగానే ఉన్నాయి అని ఎవరైనా అనొచ్చు. ఆడవాళ్ళు గేటు ముందు కూర్చున్న రోజుకు నీళ్ళు శుభ్రమేనని నా రిపోర్టే సాక్ష్యం చెబుతుంది. చెరువు బాగుపడినా ఆ అయిదుగురూ అబద్ధాలకోరులుగానే మిగులుతారు.

సాయంత్రం అప్పల్రాజు గారు టీ తెచ్చి బల్ల మీద పెట్టారు. "ఏటి సేద్దారనుకుంతన్నారు మేడంగారూ?"

"తప్పని రాసేస్తే నా సర్వీసు బుక్కులో మచ్చ పడుతుందండీ."

"పడితే పడ్డాది. ఆయమ్మ మొకాన మచ్చ పడితే ఏ బుక్కులో తుడుస్తారు? క్యాను మోసినోడిని, నా పేరు కూడా ఎయ్యండి. టెన్షన్ నేదు."

కలం తీసి రాశాను. నమూనా తీసిన పద్ధతి తప్పు, నూనె పొరను నేనే చేత్తో తొలగించాను, ఆ ఫలితాన్ని సాక్ష్యంగా వాడకూడదు, తప్పు నాది. అప్పల్రాజు గారి పేరు వేయలేదు. ఆ కాగితం పెద్దసారు బల్ల మీద పెట్టి నిలబడ్డాను. ఆయన రెండు సార్లు చదివారు. నన్ను కసురుకున్నారు. ఆ తర్వాత కింద తన చేత్తో ఒక వాక్యం రాశారు. "ఏ సీసాలో తెచ్చావని నేను అడగలేదు, అడగకుండా సంతకం పెట్టాను." అది చదివి ఆయన ముందే ఏడ్చేశాను. ఇప్పుడు రాస్తుంటే కూడా కళ్ళు తడుస్తున్నాయి.

గాజు సీసాలు

ఆ తర్వాతి రోజు ఉంది చూశారూ! నా ముప్పై ఏళ్ళలో అలాంటి రోజు ఇంకొకటి లేదు.

పెద్దసారు కూడా జీపెక్కారు. వెడల్పు మూతి గాజు సీసాలు డజను, తెల్లగా కడిగి ఆరబెట్టి, పాత తువ్వాళ్ళలో చుట్టుకుని తీసుకెళ్ళాం. ఎవరికీ చీటీ పంపలేదు. ఊళ్ళోకి వెళ్ళాకే ఫ్యాక్టరీకి కబురు పెట్టాం. మేనేజరు చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. ఊరు ఊరంతా గట్టుమీదికొచ్చింది. హమాలీలు, ఆడవాళ్ళు ఈసారి కలగలిసి నిలబడ్డారు. ఎవరు ఏం చేయబోతున్నారో చూడాలని అందరికీ ఒకటే ఆత్రం.

మొదట అందరి ముందూ చెప్పాను. పోయినసారి నేను నీళ్ళు తప్పుగా పట్టాను, ఇలా తోశాను అని చేత్తో చూపించాను. ఎక్కడో ఒక ముసలమ్మ కిసుక్కున నవ్వింది. తర్వాత గట్టంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. భయం సగం దిగిపోయింది.

దుకాల్హిన్ బాయిని అడిగాను, ఎక్కడ పట్టమంటారని. "పొద్దున పూట గాలి అటు తోస్తుంది," అని తూర్పు మెట్లు చూపించింది. నిజమే, తెట్టంతా అక్కడ చేరి ఉంది. మేనేజరు గొంతు లేచింది. "తెట్టు ఉన్నచోటే పడితే తెట్టే వస్తుంది! ఇదేం న్యాయం?" అతని మాటా కాదనలేం. అందుకని తూర్పు మెట్ల దగ్గర, పడమటి గట్టున, నట్టనడుమ, కాలువ చెరువులో కలిసే చోట, అన్నిచోట్లా పట్టాం. ప్రతిచోటా రెండేసి సీసాలు. ఒకటి మాకు, ఒకటి ఫ్యాక్టరీకి. సీసా మూతి నీళ్ళ పైపొరకు ఆనించి, నెమ్మదిగా ఒంచి, పొర దానంతటదే లోపలికి జారేలా పట్టాను. నా ఎడమచేతిని అప్పల్రాజు గారు వెనక్కి మడిచి గట్టిగా పట్టుకున్నారు.

"వదలండి, పడిపోతాను!" అన్నాను.

"పడితే పడండి మేడంగారూ, సెయ్యి మాత్రం వదల్ను," అన్నారాయన. ఈసారి నవ్వనివాళ్ళు లేరు.

ఇంకో సంగతి కూడా రాయాలి. ఊళ్ళో ఒక గేదె చచ్చిపోయింది, అదీ ఈ నూనె వల్లేనని ఊరివాళ్ళు గట్టిగా రాయమన్నారు. పశువుల డాక్టరును అడిగితే అది గొంతువాపు రోగమన్నారు. నేను అలాగే రాశాను. దుకాల్హిన్ బాయికి చాలా కోపం వచ్చింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. రానీండి. నా తప్పు నేను రాశాను కదా, ఊరి తప్పు దాచితే నా మాటకు విలువేముంటుంది? ఊరి పక్షాన ఉన్నానని ఊరు చెప్పిన ప్రతి మాటా రాసే కెమిస్టు ఊరికి పనికిరాదు. ఇది నా గట్టి అభిప్రాయం.

లాబ్‌లో పరీక్ష నేనే చేశాను. నీళ్ళలోని నూనెను ద్రావకంలోకి లాగి, ద్రావకం ఆవిరి చేస్తే అడుగున నూనె మిగలాలి. పోయినసారి ఆ గిన్నె అడుగు అద్దంలా ఖాళీ. ఈసారి పెద్దసారు, అప్పల్రాజు గారు, పక్క గది టైపిస్టుతో సహా అందరం గిన్నె చుట్టూ మూగాం. ద్రావకం పోతున్నకొద్దీ పసుపురంగు మడుగొకటి మిగులుతోంది. చల్లారాక అది తెల్లగా, మైనంలా గడ్డకట్టింది. మేనేజరు అప్పటికే లారీల డీజిలు కారి ఉంటుందని అంటున్నాడు. డీజిలు ఇలా గడ్డకట్టదు. తవుడు నూనెలో మైనం ఉంటుంది, గడ్డకడుతుంది. అప్పల్రాజు గారు గిన్నె దగ్గర ముక్కు పెట్టారు.

"తవుడే మేడంగారూ!" అని అరిచారు. "మా యమ్మ పశువులకి కలిపే తవుడు కంపే! పక్కా!"

పెద్దసారు ఆ ముక్కును రిపోర్టులో రాయనివ్వలేదు. కానీ సాయంత్రం అందరికీ జిలేబీ తెప్పించారు.

లోటా

ఫ్యాక్టరీ సీసా ఫలితం కూడా మా ఫలితానికి దగ్గరగానే వచ్చింది. కాలువ మూయించారు. తొట్టిలో నూనె తోడే మనిషిని మళ్ళీ పెట్టారు. ఆ మనిషి ఎవరనుకున్నారు? దుకాల్హిన్ బాయి మరిది! ఊళ్ళోవాడైతే ఊరు కనిపెట్టి ఉంటుందని హమాలీలే పట్టుబట్టి పెట్టించారు. ఆ ఫ్యాక్టరీని మూసేయాలని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఒక మనిషి కూలి మిగుల్చుకోబోయి ఒక ఊరిని రెండుగా చీల్చుకున్న తెలివితక్కువవాళ్ళు వాళ్ళు. మీరు చూడబోయేవాళ్ళలో చాలామంది ఇలాంటివాళ్ళే ఉంటారు.

కేసులో నన్ను సాక్షిగా పిలిచారు. నా రెండు రిపోర్టుల్లో దేన్ని నమ్మాలని అవతలి వకీలు వెక్కిరించాడు. "మొదటిదాన్ని నమ్మొద్దని రాసింది కూడా నేనేనండీ," అన్నాను. జడ్జిగారు నీళ్ళు ఎలా ముంచారో చూపించమన్నారు. కోర్టులో నీళ్ళు లేవు, బల్ల మీద చెయ్యి తోసి చూపించాను. అబద్ధం ప్రచారం చేశారన్న మాట కొట్టేశారు. దారి ఆపినందుకు మాత్రం మందలించి వదిలేశారు. కోర్టు బయట అయిదుగురు ఆడవాళ్ళూ వేరుశనగలు కొనుక్కుని గుమ్మం మెట్ల మీదే కూర్చుని తిన్నారు. నాకూ ఒక గుప్పెడు పెట్టారు.

నాకు మెమో వచ్చింది. కొన్ని నెలలు ఫీల్డుకు పంపలేదు. కుర్చీలో కూర్చోబెట్టి పాత కాగితాలు సర్దించారు. బాధపడలేదంటే అబద్ధం, చాలా బాధపడ్డాను. కానీ అప్పటి నుంచి మా లాబ్‌లో నూనె పరీక్షకు గాజు సీసాలు వేరే బీరువాలో పెట్టారు. ఆ బీరువా తాళం పెద్దసారు రిటైరయ్యేదాకా తన జేబులోనే ఉంచుకున్నారు.

నేను రిటైరయ్యాక ఒకసారి ఆ ఊరు వెళ్ళాను. పని మీద కాదు, చూడాలనిపించి వెళ్ళాను. దుకాల్హిన్ బాయికి నడుం వంగింది, గొంతు మాత్రం అలాగే ఉంది. నన్ను చూసి మేడం అనలేదు. నోనీ అంది. కూతుర్ని, చిన్నపిల్లల్ని పిలిచే మాట అది.

గడపలో కూర్చున్నాక ఎన్నేళ్ళుగానో లోపల ఉన్న మాట అడిగేశాను. "మొదటిసారి వచ్చినప్పుడు మాకు కాళ్ళకు నీళ్ళెందుకు పెట్టలేదు? మేమంటే అంత కోపమా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "కోపమా? ఇంటికొచ్చిన మనిషికి ఆ జిడ్డు నీళ్ళు ఎట్లా పెడతాను నోనీ? ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయాను."

ఇన్నేళ్ళూ ఆ మాట నాకు తోచనే లేదు. ఊరివాళ్ళను అడుగు అని పెద్దసారు ఎప్పుడో చెప్పారు. ఒక లోటా నీళ్ళ గురించి అడగడానికి నాకు ఇంత కాలం పట్టింది.

ఆమె లేచి లోపలికి వెళ్ళి ఆ ఇత్తడి లోటా తీసుకుంది. చెరువు ఇంటికి ఎదురుగానే ఉంది. ఒక్కో మెట్టూ దిగింది. నేను ఆమె చేతులే చూస్తూ నిలబడ్డాను. వంగింది, కుడిచేత్తో లోటాను తిన్నగా నీళ్ళలో ముంచింది. ఎడమచెయ్యి మోకాలి మీదే ఉంది, కదల్లేదు.

పైకి వచ్చి నిండు లోటాను నా కాళ్ళ ముందు పెట్టింది.